నలభై ఒకటో నంబరు గోడ

నీలంపేట, కోటబొమ్మాళి దగ్గర
16-11-1968

విజయనగరం గ్రామీణ చిత్రకళా సంఘం సెక్రటరీ నారాయణమూర్తి గారికి నమస్కారం.

లక్ష్మీదేవి పాదాలకు మీరు నూటికి ఎన్ని మార్కులు వేస్తారు?

ఇది వేళాకోళానికి అడగడం లేదు. మా పంచాయతీ ఆఫీసు గోడకు మీ కాగితం అంటించారు. మార్గశిర మాసం గురువారాల్లో, మేం లక్ష్మివారాలంటాం, మా ఆడవాళ్ళు గోడల మీద వేసే పిండి ముగ్గులకు పోటీ అట. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఇళ్ళకు వస్తారట. పొందికకు నలభై, శుభ్రతకు ముప్ఫై, కొత్తదనానికి ముప్ఫై అట. నెగ్గిన ఆమె కోటబొమ్మాళి స్కూల్లో ఏడాది పాటు ఇరవై మంది ఆడపిల్లలకు ఈ విద్య నేర్పాలట.

అయ్యా, నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. గొడ్లు కాస్తూ ఇసకలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. అయినా పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో సాయంత్రాలు పురాణం చెబుతున్నాను. వామనమూర్తి పాదాన్ని ఎవరూ కొలవలేదు, ఆ పాదమే లోకాలను కొలిచింది. త్రిమూర్తుల్లో ఎవరు గొప్పో తేలుస్తానని భృగుమహర్షి బయలుదేరాడు. లోకంలో మొదటి న్యాయనిర్ణేత ఆయనే. వెళ్ళి విష్ణుమూర్తి గుండెల మీద తన్నాడు. ఏమైంది? లక్ష్మీదేవి అలిగి వైకుంఠమే విడిచిపోయింది. ఒక్క జడ్జీకే అమ్మవారు ఇల్లు విడిచిపెడితే, మీరు ముగ్గుర్ని పంపుతున్నారు.

మా ఇంటి సంగతే చెబుతాను. గాదె గది ముందు గోడ, ఎర్రమట్టి అలుకు. నడుమ పదహారు రేకుల తామర. అటూ ఇటూ తొండాలెత్తిన ఏనుగులు. కింద వరి కంకులు, ఒక్కో గింజకు ఒక్కో వేలి ముద్ర. గడప దగ్గర మొదలై గాదె దాకా అమ్మవారి పాదాలు. నా భార్య తాయారు పేరెత్తితే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు ఈ గోడ సంగతే చెబుతారు. దాని ముందు పెన్సిలు పట్టుకుని నిలబడి, కొత్తదనానికి ముప్ఫైకి పద్దెనిమిది అంటారా? మీకు సిగ్గు లేదా?

పోటీ ఆపండి.

ఇట్లు, ధర్మం తరఫున,
పొన్నాన అప్పలసూరి

తా.క. మీ కాగితం అంటించిన జిగురు రుచి మా మేకకు తెలిసింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ప్రస్తుతానికి ఇద్దరి పేర్లు మిగిలాయి.



విజయనగరం
20-11-1968

శ్రీమతి పొన్నాన తాయారు గారి భర్త అప్పలసూరి గారికి,

మీ దరఖాస్తు అందింది. చాలా సంతోషం.

పోటీలో చేరదలచినవారు గోడ ఎక్కడ ఉందో, దాని మీద ఏమేమి గీస్తారో ఉత్తరంలో రాయాలన్నది మా నిబంధన. ఇంతవరకు నలభై దరఖాస్తులు వచ్చాయి. చాలామంది ‘గోడ ఉంది, ముగ్గు ఉంది, రండి’ అని రాసి ఊరుకున్నారు. మీ అంత వివరంగా కళ్ళకు కట్టినవారు లేరు. శ్రీమతి తాయారు గారిని నలభై ఒకటో నంబరుగా నమోదు చేశాము. పురాణ విషయాలు దరఖాస్తుకు అవసరం లేదు గాని, చదువుతుంటే బాగున్నాయని ఫైలులో ఉంచాము.

భవదీయుడు,
నారాయణమూర్తి, సెక్రటరీ

తా.క. మా రిజిస్టరులో ‘చిత్రం పేరు’ అని ఒక గడి ఉంది. మీ చిత్రం పేరేమిటో మా గుమాస్తాకు తెలియలేదు. వర్ణనంతా చదివి, దాని చివర ఉన్న మాటే పేరు కాబోలని ‘మీకు సిగ్గు లేదా’ అని ఎక్కించాడు. మార్చవలసి ఉంటే తెలియజేయగలరు.



నీలంపేట
23-11-1968

సెక్రటరీ నారాయణమూర్తి గారికి అప్పలసూరి రాసేది.

పోటీ ఆపమని నేను రాస్తే నన్నే పోటీలో చేర్చుకున్నారు. మొసలి పట్టిందని గజేంద్రుడు మొరపెట్టుకుంటే రెండో మొసలిని పంపినట్టుంది.

పైగా మీ ఉత్తరం పోస్టుమాన్ అసిరయ్య నా చేతికి ఇవ్వలేదు. నలుగురు కూర్చున్న చోట నిలబడి గట్టిగా చదివాడు. నేను పొలం నుంచి వచ్చేసరికి ఊళ్ళో ఆడవాళ్ళందరూ మా గుమ్మంలో ఉన్నారు. గున్నమ్మ అని మా వీధి ముసలమ్మ, నోటికి జడిసి ఆమె దారిలో ఎవరూ నడవరు, వాకిట్లో చతికిలబడింది.

“ఏటే తాయారూ, నీ గోడకి నెంబరొచ్చినాదంట. బస్సుకి నెంబరుంటాది, రైలుకుంటాది. గోడకి నెంబరు నాను పుట్టి ఇప్పుడే ఇంతన్నాను” అంది.

అందరూ వెళ్ళాక తాయారు నా కంచం ముందు కూర్చుంది. “మావా, ఇరవై మంది పిల్లలంట. మనకి దేవుడు ఒక్క పిల్లనైనా ఇవ్వనేదు. మా యమ్మ నేర్పిన ఇద్దె నాతోనే మట్టిలో కలిసిపోతాదనుకున్నాను. ఆల్లొస్తే రానీ, ఏటి పోతాది” అంది.

ఆ మాటకు సగం అన్నంలోనే లేచి చెయ్యి కడిగేసుకున్నాను. అయినా ససేమిరా అన్నాను. నా కారణాలు నాకున్నాయి.

అసలు మీ న్యాయనిర్ణేతలకు ఏం తెలుసు? పిండికి కొత్త బియ్యమే నానబెట్టాలి. పాత బియ్యమైతే గోడ మీద పొలుసులు లేస్తుంది. గుడ్డ పీలిక పిండిలో ముంచి గుప్పిట్లో పట్టుకుంటే, పిండి ఉంగరపు వేలి మీదుగా దానంతటది దిగాలి. చూపుడు వేలితో గీస్తే గీత బెదురుతుంది. ఏనుగు వీపు గీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. మధ్యలో వదిలితే ఏనుగుకు గూని వస్తుంది. ఇవేవీ తెలియనివాడు మార్కులు వేయడమంటే, ఈత రానివాడు చేపలకు పరీక్ష పెట్టడమే.

వెంటనే నంబరు కొట్టివేయండి.

ఇట్లు,
పొన్నాన అప్పలసూరి

తా.క. చిత్రం పేరు మాత్రం మార్చకండి. అది సరిగ్గానే ఉంది.



విజయనగరం
27-11-1968

మాన్యులు అప్పలసూరి గారికి,

నంబరు కొట్టివేయాలంటే గీసినవారి సంతకమో వేలిముద్రో కావాలి. భర్త సంతకం చెల్లదు. ఫారం జతపరిచాను.

ఇక ముఖ్య విషయం. మీ ఉత్తరం మా సంఘంలో చదివి వినిపించాను. ఉంగరపు వేలి సంగతి విని మా న్యాయనిర్ణేత డ్రాయింగు మాస్టారు, ఇరవై ఏళ్ళుగా చూపుడు వేలినే నమ్ముకుని చెడ్డానని విచారించారు. రెండో న్యాయనిర్ణేత, తాసీల్దారుగా రిటైరైన పెద్దమనిషి, ‘ఇంత తెలిసినవాణ్ణి బయట ఉంచకూడదు’ అన్నారు. మూడో ఆయనకు కామెర్లు వచ్చాయి. మీ మేక తిన్న పేరు ఆయనదే అనుకుంటాను.

కాబట్టి కోటబొమ్మాళి వైపు పదిహేడు గోడలకు మిమ్మల్ని న్యాయనిర్ణేతగా నియమిస్తున్నాము. మీ ఇంటి గోడను మాత్రం మిగతా ఇద్దరు చూస్తారు. మీ ఉత్తరాల్లోని ఆవేశాన్ని మేము అంగీకారంగానే భావిస్తున్నాము.

భవదీయుడు,
నారాయణమూర్తి

తా.క. బ్యాడ్జి పంపుతున్నాను. దాని పిన్నీసు మా గుమాస్తా చొక్కాకు అత్యవసరంగా కావలసి వచ్చింది. మీరు వేరే చూసుకోగలరు.



నీలంపేట
7-12-1968

సెక్రటరీ గారికి న్యాయనిర్ణేత అప్పలసూరి నమస్కరించి రాసేది.

మీరు పంపిన ఫారం మీద తాయారు వేలిముద్ర వేయలేదు. దానితో పొయ్యి రాజేసింది.

జడ్జీగా ఎందుకు ఒప్పుకున్నానో దాచను. పదిహేడు గోడలకూ సున్నాలు వేసి మీ పోటీని లోపలి నుంచి తగలబెడదామని. హనుమంతుడు లంకలోకి వెళ్ళింది విందు భోజనానికి కాదు కదా.

మొన్న లక్ష్మివారం బయలుదేరి రెండు రోజులు నడిచాను. మొదటి ఇంట్లో తవిటమ్మ అనే ఆమె, భర్త చనిపోయి ఏడాది కాలేదు. గోడ మీద తామర గీసి ఒక్క రేకు వదిలేసింది. ఎందుకమ్మా అంటే, “పైటేడుకి గీస్తాను బాబూ. ఈ యేడు ఇంతకే సెయ్యి లేసినాది” అంది. నేను సున్నా వేయడానికి పెన్సిలు తీశాను. పెన్సిలు కదలలేదు.

తరువాత సముద్రం ఒడ్డు ఊళ్ళో దాలమ్మ ఇంటికి వెళ్ళాను. చేపలు పట్టుకు బతికే ఇల్లు. గోడ మీద వరి కంకులు లేవు. ఆ చోట బారులు తీరిన చేపలు, ఒక్కో పొలుసుకు ఒక్కో వేలి ముద్ర. నేను పురాణం ఎత్తుకున్నాను. “ఏమమ్మా, ధాన్యలక్ష్మికి చేపలేమిటి, ఇది శాస్త్రమేనా?” అన్నాను.

ఆమె చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, “మాకు గాదె నేదు కదా బాబూ. కంకులు గీస్తే తల్లికి అబద్దం సెప్పినట్టుంటాది. మా గాదె సంద్రం. ఉన్నదే గీసినాను” అంది.

నారాయణమూర్తి గారూ, పాతికేళ్ళ పురాణంలో నేను చెప్పలేని మాట ఆ తల్లి చెయ్యి తుడుచుకుంటూ చెప్పింది. అబద్ధం అన్న ముక్క తిరుగుదారిలో నాలుగు మైళ్ళూ నా కాలికి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకో అడగకండి.

పదిహేడు గోడలకూ నూటికి నూరు వేశాను. అంతకన్నా ఎక్కువ వేయడానికి మీ కాగితంలో చోటు లేదు.

ఒక్క మనవి. మిగతా ఇద్దరినీ మా ఇంటికి పంపకండి. చూడకుండానే నలభై ఒకటో నంబరుకు సున్నా వేసుకోండి.

ఇట్లు,
అప్పలసూరి

తా.క. బ్యాడ్జి చూసి ఒక ఊళ్ళో నన్ను మశూచి టీకాలవాడనుకున్నారు. పిల్లలు జామచెట్టెక్కేశారు. నేను మార్కులు వేసి ఊరు దాటేదాకా దిగలేదు.



విజయనగరం
13-12-1968

శ్రీ అప్పలసూరి గారికి,

ఈ ఉత్తరం బాధతో రాస్తున్నాను. మీ మనవి అందేలోపే న్యాయనిర్ణేతలు బయలుదేరిపోయారు. బుధవారం మధ్యాహ్నం మీ ఇంటికి వెళ్ళారు. మీరు పురాణానికి పొరుగూరు వెళ్ళారట. గోడ మీద తామర లేదు, ఏనుగులు లేవు, ఒక్క చుక్కయినా లేదు. తడి ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు.

శ్రీమతి తాయారు గారిని అడిగితే, “బుదవారం పాతది తుడిసేసి అలికేస్తాం బాబూ. పోయినవారం ముగ్గు మీద తల్లి అడుగెట్టదు, అది ఎంగిలాకు లాటిది. రేపు పొద్దుటికి గీస్తాం, రండి” అన్నారట. అయితే ఇప్పుడే కొంచెం గీసి చూపించమని తాసీల్దారు గారు అడిగారు. ఆమె కుడి చెయ్యి కొంగులో దాచుకుని లోపలికి వెళ్ళిపోయారట.

తాసీల్దారు గారికి అనుమానం వచ్చింది. ఖాళీ గోడ ఒకటి, దాని పేరు ‘మీకు సిగ్గు లేదా’. ఇది కావాలని చేసిన అవమానమని ఆయన అంటున్నారు. డ్రాయింగు మాస్టారు మాత్రం, ఇటువంటిది తాను ఎక్కడా చూడలేదు గనుక కొత్తదనానికి ముప్ఫైకి ముప్ఫై వేద్దామంటున్నారు. సంఘం రెండు ముక్కలయ్యేలా ఉంది.

చివరి నిర్ణయం ఇది. పద్దెనిమిదో తేదీ రాత్రికి మేము ముగ్గురం కోటబొమ్మాళి బంగళాలో దిగుతాము. గురువారం ఉదయం తాయారు గారు మా ఎదుట గీయాలి. గీస్తారన్న కబురు పది గంటలలోపు రాకపోతే, మేము మధ్యాహ్నం ప్యాసింజరుకు తిరిగి వెళ్ళిపోతాము. ఇంకొక మాట. జడ్జీ ఇంటి దరఖాస్తే అబద్ధమని తేలితే, ఆ జడ్జీ వేసిన మార్కులు చెల్లవని తాసీల్దారు గారి వాదం. అంటే తవిటమ్మ, దాలమ్మ, మీ వైపు పదిహేడు మంది పేర్లూ పోతాయి. కోటబొమ్మాళిలో తరగతి కూడా ఉండదు.

భవదీయుడు,
నారాయణమూర్తి

తా.క. తాసీల్దారు గారు ఆలోచిస్తూ మీ గోడకు ఆనుకున్నారు. ఒంటి మీద ఉన్నది తెల్లటి పొందూరు ఖద్దరు లాల్చీ. ఇప్పుడు అది వెనక నుంచి గాదె గది గోడలా ఉంది. ఎర్రమట్టి పోవడానికి మీ పురాణాల్లో ఏమైనా ఉపాయం ఉంటే రాయగలరు.



నీలంపేట
19-12-1968, మార్గశిర అమావాస్య, లక్ష్మివారం, పొద్దున్న ఎనిమిది గంటలు

బంగళాలో ఉన్న నారాయణమూర్తి గారికి, న్యాయనిర్ణేతలిద్దరికీ అప్పలసూరి చేతులు జోడించి రాసేది. ఈ ఉత్తరం తెచ్చినవాడు మా సోములు. వాడి ఎడ్లబండి మీ గుమ్మంలోనే ఉంది.

తాయారు మీ ఎదుట గీయడం కుదరదు. ఈమధ్య ఏ గురువారమూ ఆమె గీయలేదు. మూడేళ్ళ కిందట గంజి వారుస్తుంటే కుండ జారి ఆమె కుడి చెయ్యి కాలిపోయింది. వేళ్ళు ముడుచుకుపోయాయి. ఆ ఏడు మార్గశిరం వచ్చేసరికి గోడ ముందు కూర్చుని ఏడ్చింది. ఏడవకే అని నేను పిండిలో వేలు పెట్టాను. ఆమె పీట మీద కూర్చుని చెప్పేది, నేను గీసేవాణ్ణి. గీత వంకర పోతే గరిటెతో చేతి మీద కొట్టేది. ఊరికి తెలియకుండా గీసేవేళ వాకిలికి తడిక కట్టుకునేవాళ్ళం.

గీసింది నేనే. మీ పోటీ ఆపమని మొదట రాసినప్పుడు నాకు మంటగా ఉన్నది అమ్మవారి పాదాల గురించి కాదు. జడ్జీలు వస్తే గుట్టు బయటపడుతుందని. పురాణం చెప్పే మీసాలవాడు ఆడవాళ్ళ ముగ్గు గీస్తాడని తెలిస్తే రేపు నా మాట ఎవడు వింటాడని. భృగువును అడ్డం పెట్టుకున్నాను. వామనమూర్తిని అడ్డం పెట్టుకున్నాను. ఆ పాపం నాది.

నిన్న సాయంత్రం నాకు జ్వరం వచ్చిందని కబురు పంపుదామనుకున్నాను. తాయారు వినలేదు.

“ఊరందరికీ నీతులు సెప్తావు. ఆల్లొచ్చి నన్ను మెచ్చుకున్నప్పుడల్లా ఈ సెయ్యి మరీ ముడుసుకుపోతన్నాది మావా. నువ్వు గీసినందుకు నాకు సిగ్గు నేదు. నువ్వు దాసినందుకున్నాది” అంది. మళ్ళీ, “ఆ పదిహేడు మంది మనకేటి అపకారం సేసినారు” అంది.

అర్జునుడంతటివాడు గాజులు తొడుక్కుని విరాటరాజు కూతురికి నాట్యం నేర్పాడని నేనే ఈ ఊళ్ళో వంద సార్లు చెప్పాను. ఆయన అజ్ఞాతవాసం ఏడాది. నాది మూడేళ్ళు.

ఇవాళ తెల్లవారాక వీధిలోకి వెళ్ళి అందర్నీ పిలిచాను. వాళ్ళ కళ్ళ ముందే తడిక పీకేశాను. పిండి గిన్నె పట్టుకుని, “ఈ మూడేళ్ళూ గీసింది నేను” అన్నాను.

అప్పుడు గున్నమ్మ నోట్లో చుట్ట తీసి, “తెలుసురా” అంది.

“నీకెలా తెలుసు?”

“తాయారు ఏనుగులు నవ్వుతుంటాయి. నీ ఏనుగులు పురాణం సెప్తన్నట్టుంటాయి. ఈ ఊర్లో ఆడోల్లందరికీ తెలుసు. తాయారు మనసు నొచ్చుకుంటాదని ఊరుకున్నాం. నీ కోసం కాదులే.”

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. తాయారు కూడా నవ్వింది. మూడేళ్ళలో ఆమె కొంగులోంచి చెయ్యి బయట పెట్టి నలుగురిలో నిలబడడం ఇదే మొదలు. మగవాళ్ళు కొందరు మీసాలు దువ్వుకుంటూ వెళ్ళిపోయారు. పోనివ్వండి. సాయంత్రం పురాణానికి వస్తే ఇదే కథ చెబుతాను.

మీకు నా మనవి. నలభై ఒకటో నంబరు అబద్ధమే, కొట్టివేయండి. పదిహేడు గోడలు మాత్రం అబద్ధాలు కావు. నా మార్కులు చెల్లకపోతే మీరే వచ్చి, మీ కళ్ళతో చూసి వేసుకోండి. దాలమ్మ చేపల ముందు తాసీల్దారు గారిని ఒక్క నిమిషం నిలబెట్టండి చాలు. ఇక తరగతి సంగతి. ఎవరు నెగ్గితే వాళ్ళే నేర్పనివ్వండి. కాని ఒక మూల తాయారుకు పీట వేయండి. విద్య ఆమె నోట్లో ఉంది, ఇంకా పాడవలేదు. చెయ్యి కావలసి వస్తే నాది ఉంది. స్కూల్లో ఆడపిల్లల మధ్య కూర్చోవడానికి నాకు ఇప్పుడు సిగ్గు లేదు.

ఇట్లు,
తాయారు భర్త, ఆమె కుడి చెయ్యి,
పొన్నాన అప్పలసూరి

తా.క. మీకు కబురు రాయడానికే సగంలో చెయ్యి ఆపాను. తామర అయింది, ఒక ఏనుగు అయింది. రెండోది ఎవరు గీస్తారని అడిగితే ఏడుగురు ఆడపిల్లలు గిన్నెలో వేళ్ళు ముంచేశారు. తాయారు గరిటె పట్టుకుని పీట మీద కూర్చుంది. “ఊపిరి ఒదలకండే” అని కేకలేస్తోంది. ఇదే ఆఖరి లక్ష్మివారం, రేపటి నుంచి పుష్యం. మళ్ళీ ఏడాది దాకా ఈ గోడ మీద ఎవరూ చెయ్యి పెట్టరు. పిండి పులవకముందే, గోడ తడి ఆరకముందే చూడాలి. ప్యాసింజరు రేపూ వస్తుంది. ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకోండి, కాఫీ సగంలో ఉంటే వదిలేయండి, ఈ రోజే, ఇప్పుడే సోములు బండెక్కండి.